బాలిరెడ్డి చెయ్యి

వేంపల్లె బాలిరెడ్డి ఊరికంతటికీ శాసనసభ్యుడు. చిన్ననాడే మొగుడు పోయి పుట్టింటికి చేరిన అక్క పుల్లమ్మకు మాత్రం సంగటికి వంకలు పెట్టే తమ్ముడే. మొదట మద్రాసులో, ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక కొత్త రాజధాని కర్నూల్లో అతనికి వండిపెట్టింది ఆమే.

ఆ రోజు డేరాల కింద నడిచే శాసనసభ నుంచి వస్తూనే బాలిరెడ్డి వాపోయాడు. "మద్రాసులో మా పార్టీకి ఎంత కట్టుండె అక్కా! ఓటుకు ఒక్క చెయ్యి తప్పేది కాదు. ఈడ మావోళ్లే సగం అటు, సగం ఇటు!"

సంగటి కెలుకుతున్న పుల్లమ్మ మూతి తిప్పింది. ఆ కట్టు ఆమెకు తెలియనిదా? అక్కడ మాటలన్నీ ఇంగ్లీషు, కాకుంటే అరవం. ఒక్క ముక్కా అర్థంకాక, ముందు వరస ఆసామి చెయ్యెత్తితే ఇతనూ ఎత్తేవాడు. ఒకనాడు ఆసామి తలపాగా సర్దుకున్నా ఎత్తేశాడట. ఇతన్ని చూసి వెనక వరసంతా ఎత్తిందట.

"ఈడ తెలుగులో మాట్లాడతాండారు గదరా, అర్థమయ్యేసరికి చీలినారు. నువ్వు దేనికెత్తితివి?"

"ముందర ఇద్దరుండ్రి అక్కా. ఒకడు దానికెత్తె, ఇంకొకడు దీనికెత్తె. నేను రెండిటికీ ఎత్తితి."

పుల్లమ్మ తళెలో ముద్ద పడేసింది.

"తినేది గూడా ఆ చేత్తోనే గదరా. పో, బాగా రుద్ది కడుక్కోని రా."