మా సిట్టి నేర్పిన వెనకడుగు మాటలు

సిట్టీ... నీ చిన్నప్పుడు దక్షిణాఫ్రికాలో మన మార్‌బర్గ్ వంటింట్లో నువ్వు సైన్యమై నడిచావు. చీపురు భుజాన పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూనే ఒక్కో అడుగూ వెనక్కి వేసి, చివరికి బియ్యం డబ్బాకి గుద్దుకున్నావు. "మా, దిస్ ఈజ్ రిట్రీట్!" అన్నావు మోచెయ్యి రుద్దుకుంటూ...

సిట్టి నా కూతురు. బడిలో వేరే పేరు ఉండేది, ఇంట్లో మాత్రం సిట్టే. అప్పటికి దానికి పదకొండేళ్ళు. వాళ్ళ నాన్న పోయి నాలుగేళ్ళు.

నేను ఇంగ్లీషు బడికి రెండేళ్ళే వెళ్ళాను. తెలుగు అక్షరాలు మాత్రం మా అవ్వ చాటలో బియ్యం పోసి దిద్దించింది. ఇంగ్లీషు కాగితం మీద తెలుగు సంతకం చెల్లదని ఎవరో అన్నారు. అది నమ్మి, రాయడం వచ్చి కూడా ఏళ్ళ తరబడి వేలిముద్రలు వేశాను...

తెల్లోళ్ళతో సమానంగా అందరికీ ఓటు రాబోతున్న రోజులవి. రేడియో పెడితే చాలు, ఎవరో ఒకరు వెనక్కి తగ్గుతూనే ఉండేవాళ్ళు. ఒక పార్టీ చర్చల్లోంచి లేచిపోయిందట. సైనికులు ఏదో వీధి నుంచి తప్పుకున్నారట. "ఓటు కాగితం నువ్వే చదువుకోవాలి మా" అని సిట్టి పట్టుపట్టింది. రేడియోలో విన్న మాటలన్నీ పాత కేలండరు వెనక పెద్ద అక్షరాలతో రాసి పొయ్యి పక్కన గోడకి తగిలించింది.

"అన్నీ వెనక్కి తగ్గడమే కదే. ఒక్కదానికి ఇన్ని మాటలా తెల్లోళ్ళకి?" అన్నాను.

"అయ్యో మా, సేమ్ కాదు! సోల్జర్స్ రిట్రీట్ చేస్తారు, మళ్ళీ రేపు వస్తారు. కుక్క మొరిగితే బ్యాక్ అవే. బ్యాంకులో డబ్బు, పోటీలో పేరు, కోర్టులో కేసు, అవి విత్‌డ్రా. ఇచ్చింది నువ్వే వెనక్కి తీసేసుకుంటావు."

"మరి ఈ కింద ఉన్నది, బ్యాక్ డౌన్?"

"అది నువ్వు మా. పెదనాన్న గట్టిగా మాట్లాడితే నువ్వు చేస్తావే, అది."

గరిటె ఎత్తాను. "ఓకే ఓకే, ఐ బ్యాక్ ఆఫ్!" అంటూ గుమ్మం దాటేసింది. దాని నవ్వు పెరట్లోంచి కూడా వినిపించింది...

రెండేళ్ళు గడిచాయి. ఓటు ఇంకా నెలన్నర ఉందనగా, ఒక సోమవారం పొద్దున బడికి నడిచి వెళ్తున్న నా బిడ్డని చెరకు లారీ కొట్టేసింది. అక్కడికక్కడే పోయింది. బ్రేకులు పాడయ్యాయని ముందే యజమానికి చెప్పానని డ్రైవరు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నేను యజమాని మీద కేసు పెట్టాను.

పదహారో రోజు కర్మ. మాలో ఆ రోజు తల్లి పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు. ఇంట్లో గొంతు లేస్తే పోయినవాళ్ళకి దారి దొరకదంటారు. సరిగ్గా ఆ రోజే మా బావగారు, అంటే సిట్టి పెదనాన్న, లారీ యజమానిని వెంటబెట్టుకొచ్చారు. యజమాని చేతిలో పళ్ళబుట్ట, బావగారి చేతిలో కాగితం, సిరా డబ్బా.

"సూడమ్మా, సారీ చెప్పడానికొచ్చాడు పాపం. ఈడ తంబ్ ఎయ్యి. ఫినిష్, క్లార్, అయిపోద్ది."

వేలు సిరాలో అద్దాను. అప్పుడు చూశాను... కాగితం మూడో వరసలో అవే, గోడమీది అక్షరాలు. నా బిడ్డ రాసిన అక్షరాలు.

"ఇది సారీ కాగితం కాదు బావగారూ. కేసు విత్‌డ్రా కాగితం."

"సదువు రానిదానివి, నీకేటి తెలుసు?"

"నా కూతురు చెప్పింది. నేను విత్‌డ్రా చెయ్యను."

"హాయ్‌బో! కర్మ రోజున ఇంత నోరా? పిల్లకి శాంతుంటాదా?"

"దాని నోరు మూసింది ఈయన లారీ. ఇప్పుడు నా నోరు మీరు మూస్తే దానికి శాంతా?"

సిరా వేలు నా తెల్లచీరకే తుడిచేశాను. యజమాని పళ్ళబుట్ట వదిలేసి వెళ్ళిపోయాడు. బావగారితో పాటు సగం మంది చుట్టాలు విస్తరి ముట్టకుండా లేచిపోయారు. మాలో అంతకు మించిన అవమానం లేదు. నేను మాత్రం కూర్చుని తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను... కోర్టు మెట్లు ఎక్కాలంటే ఒంట్లో సత్తువ కావాలి కదా.

రెండేళ్ళు తిరిగాను. యజమానికి శిక్ష పడింది. బడి వేళల్లో ఆ దారిన లారీలు ఆపేశారు. సిట్టి తిరిగి రాదు, నాకు తెలుసు. కానీ వేరేవాళ్ళ పిల్లలు ఆ దారినే ఇంటికి వస్తున్నారు.

ఇప్పుడు మా ఇళ్ళలో పిల్లలకి ఇంగ్లీషు తప్ప వేరే మాట రాదు. అమ్మకి అర్థం కాకపోతే ఫోనే చెప్పేస్తుంది. పొయ్యి దగ్గర కూర్చుని ఒక్క మాట కోసం అంతసేపు పోట్లాడుకునేవాళ్ళు లేరు...

మీ పిల్లలు మీకు నేర్పిన మాటలుంటే కింద రాయండి, అన్నీ చదువుతాను. ఎంత కష్టంలో ఉన్నా అన్నం మానకండి. కడుపునిండా తినండి.