చిన్నరసం పండు

తాడేపల్లిగూడెంలో ప్యాసింజర్ ఎక్కితే ఎదుటి సీట్లో ఒకావిడ చిన్నరసం మామిడిపండు పిసుకుతూ కూర్చుంది. మండవల్లి దగ్గర చేపల చెరువులో పడి కొడుకు పోయి ఏడాదైందని మాటల్లో చెప్పింది. పెద్దవాణ్ణి కదాని ఓదార్చబోయాను.

"కష్టానికి తగ్గ సుఖం దేవుడు ఎప్పుడో ఇస్తాడమ్మా. చివరికి రెండూ సమానమే."

ఆవిడ పిసకడం ఆపింది.

"మా వాడికి సమానమైన సుఖం ఏదండీ? చెప్పండి." గొంతు పెంచలేదు. "వాడి కోసం ఏడుస్తాను. పండు బాగుంటే తింటాను. దానికీ దీనికీ లంకె పెట్టకండి."

ఆవిడ సంచిలోంచి ఇంకో పండు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది దేనికీ బదులు కాదండీ. పండు, అంతే. తినండి."

ఏలూరు వచ్చేలోపు టెంక దాకా చీకేశాను. ఆ ఓదార్పు మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు.