పోపుల డబ్బాలో గోలీలు

సిద్దిపేటలో నవనీత కుట్టే జాకెట్లకు పేరుంది. ఆమె మతిమరుపుకు అంతకంటే పేరుంది. మెడలో టేపు వేసుకుని, అదే టేపు కోసం ఇల్లంతా వెతుకుతుంది. మనవడు కావాలని పట్టుబట్టిన అత్త యాదవ్వకు తెలియకుండా, కడుపు రాకుండా వేసుకునే గోలీలను పోపుల డబ్బాలో ఆవాల గిన్నె కింద దాచుకుంది. పెళ్లిళ్ల కాలంలో కుట్టుపని మీద పడి గోలి మరిచిపోతే నెల మధ్యలోనే రక్తం కనబడేది. ఎప్పుడు కనబడినా యాదవ్వ లెక్కలో అది ముట్టే. ముట్టయితే కోడలు పొయ్యి దగ్గరికి రాకూడదు. ఈ నెల మూడోసారి నవనీత అరుగు మీదికి చేరింది. లోపల ఆవాలు చిటపటలాడాక గానీ, ఆ పోపు పెడుతున్నది ఎవరో ఆమెకు తట్టలేదు. దిగ్గున లేచింది. అంతలోనే ఒక చేత గరిటె, ఇంకో చేత గోలీల అట్ట పట్టుకుని యాదవ్వ గడపలోకి వచ్చింది.

"పోయినసారే చూసిన. దవఖాన్ల నర్సమ్మను అడిగిన. మర్శిపోతెనే గిట్ల కనవడ్తదట. రోజూ నేనే యాది చేస్త, ఏసుకో బిడ్డా. మనుమని సంగతి దేవుడెరుగు, నెలకు మూడుసార్లు వండుడు నాతోని కాదు."