నూకరత్నం నిమిరిన టైరు

టైరును నిమిరి కారు జాతకం చెప్పడం గంగయ్యకు ఇంటి విద్య కాదు. వాళ్ళది ధవళేశ్వరం రేవులో వలలు విసిరే ఇల్లు. పడవ చేజారిన ఏడాది అతను ఒడ్డెక్కి, రాజమండ్రిలో చక్రాల అలైన్‌మెంటు చేసే షాపులో చేరాడు. అది ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. లోకంలో కొన్ని చేతులుంటాయి: బట్ట పట్టుకుని ఏ మగ్గానిదో చెప్పేవి, గుప్పెడు గింజలు నలిపి ఎన్నాళ్ళు ఎండాయో చెప్పేవి. గంగయ్యదీ ఆ కోవే. పరుగెత్తి వచ్చిన టైరును లోపలికోసారి, బయటికోసారి నిమిరి, ముందు చక్రాలు రెండూ ఒకే దారి చూస్తున్నాయో, ఎడమొహం పెడమొహంగా ఉన్నాయో చెప్పేసేవాడు.

ఆ చెయ్యి పోయి ఎనిమిది నెలలు. షుగరు జబ్బు వేళ్ళ కొసల్లోంచి స్పర్శను తీసుకుపోయింది. టీ గ్లాసు కాలినా తెలియదు. భార్య నూకరత్నానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దాచినందుకు బాధా లేదు. వేళ్ళతో పాటు లోపల కూడా ఏదో మొద్దుబారింది. ఎవరడిగినా నిమిరినట్టు నిమిరి, "బానే ఉందండి" అనేవాడు. అవి మామూలు కార్లు. ఆ మాటవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ ఆదివారం వచ్చినవి మామూలు కార్లు కావు. వచ్చిన చోటూ మామూలుది కాదు: ఎప్పుడో యుద్ధం రోజుల్లో విమానాల కోసం పోసి వదిలేసిన రన్‌వే అది. ఇప్పుడు దానిమీద ధాన్యం ఆరబోస్తారు. ఆ రోజుకి ధాన్యం ఎత్తించి, మలుపులకు కోన్లు పెట్టి, స్పోర్ట్స్ కార్లవాళ్ళు ట్రాక్ డే జరుపుకుంటున్నారు. ఎముకల డాక్టరు శశిభూషణ్‌ది పసుపు కారు, ఇంజను వెనక. భీమవరం మణిదీప్‌ది ఎర్ర కారు, ఇంజను ముందు, బలం ఎక్కువ. సూటిదారిలో ఎర్రదాన్ని పట్టలేం, మలుపుల్లో పసుపుదాన్ని పట్టలేం. పోయినసారి పసుపుదే రెండు సెకన్లు ముందు. ఈసారి మూడు చుట్లకే వెనకబడింది.

డాక్టరు హెల్మెట్ తీశాడు. "బ్రేకు కొడితే ముక్కు అటూ ఇటూ లాగేస్తోంది గంగయ్యా. టైర్లలో గాలి తగ్గించినా అంతే. చూసి చెప్పు, మళ్ళీ వెళ్ళాలి."

"నా కారు ముందుకెళ్తోంది, మీది పక్కలకెళ్తోందండి!" అన్నాడు మణిదీప్.

గంగయ్య టైరు నిమిరాడు. ఏమీ తెలియలేదు. 'బానే ఉందండి' అన్నమాట నోటిదాకా వచ్చింది. అది అంటే డాక్టరు నూట ఎనభైలో వెళ్ళి బ్రేకు తొక్కుతాడు. రన్‌వే చివర కాలువ, దాని సిమెంటు గట్టు. అవి కనిపిస్తూనే ఉన్నాయి. భయం మాత్రం రాలేదు.

క్యారేజీ పట్టుకొచ్చి పసుపు కారును మోసుకొచ్చిన లారీ నీడలో కూర్చున్న భార్యను పిలిచాడు. "రత్నం, ఇలా వచ్చి దీన్ని నిమురు."

"చేపలమ్ముకునేదాన్ని, నాకేం తెలుసు మావా?"

మణిదీప్ పగలబడి నవ్వాడు. "ఏంటండీ, టైరు ఇగురు పెడతారా?"

"పెడితే మీ కారే ముందండి బాబూ. కారం దట్టించినట్టు అదే ఎర్రగా ఉంది."

ఆమె చెయ్యి లోపలి అంచునుంచి బయటికి జారింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. "బొచ్చె చేప పొలుసులా ఉంది మావా. బయటికి నిమిరితే నున్నగా పోతోంది. లోపలికి వస్తే గరుగ్గా గుచ్చుకుంటోంది."

"రెండోది?"

"అదీ అంతే."

లోపలికి నిమిరితే గుచ్చుకుందంటే చక్రాలు ఎడమొహం పెడమొహం. నిన్న సాయంత్రం తనే సరిచేసి, స్టీరింగు కడ్డీ నట్టు బిగించాడు. కారు కిందికి దూరి చూశాడు. నట్టు వదులైపోయి కడ్డీ తిరిగిపోయి ఉంది. వేళ్ళకు బిగువు తెలియక, బిగిసిందనుకున్నాడు.

అక్కడే కాసేపు వెల్లకిలా పడుకున్నాడు. ఇప్పుడు బిగించి లేచిరావచ్చు, ఎవరూ చూడలేదు. కానీ ఈసారైనా బిగిసిందో లేదో తనకు చెప్పేదెవరు?

బయటికొచ్చాడు. "నట్టు వదిలేసిందండి. బిగించింది నేనేనండి. నా వేళ్ళకి తెలీటంలేదండి. ఎనిమిది నెలలైంది."

డాక్టరు దగ్గరికొచ్చాడు. కారు తాళం మొనతో అతని వేలి కొస నొక్కాడు. "తెలుస్తోందా?"

"లేదండి."

ఇంకో వేలు. "లేదండి."

డాక్టరు తాళం జేబులో వేసుకున్నాడు. "రేపు ఆసుపత్రికి రా. ఇక పానా పట్టుకోకు."

"అలాగేనండి."

ముప్ఫై ఏళ్ళ పని ఆ ఒక్క మాటతో అయిపోయింది. ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. పసుపు కారును లారీ ఎక్కించారు. రన్‌వే మీద ఎర్ర కారు ఒక్కటే తిరుగుతోంది.

నూకరత్నం క్యారేజీ విప్పింది. గంగయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పులుసులో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"నాలిక్కి తెలుస్తోందిగా. తిను" అందామె.