తువ్వాల తగలని సీసా

ఆ సంవత్సరం మేము చేసిన ద్రాక్ష వైన్ పులిసి సిర్కాగా, అంటే వెనిగర్‌గా, మారిపోవడానికి కారణం నేను. కాంపౌండర్ అన్న కాదు, ఆయన కళ్లూ కాదు. ఈ మాట ఆ రోజే, ఆ డాబా మీదే, ఆ మనుషుల ముందే చెప్పాల్సింది. నాలుగేళ్లు ఆలస్యంగా రాస్తున్నాను.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మాది మూడంతస్తుల పాత బిల్డింగు. నేను పై పోర్షన్‌లో ఉంటాను. అప్పటికి నా భార్యా నేనూ విడిపోయి ఆరేళ్లయింది. మిగతా రోజులు ఆఫీసు మింగేసేది, ఆదివారమే గడిచేది కాదు. పొద్దున్నే అబిడ్స్‌కు నడిచి వెళ్లి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూ మధ్యాహ్నం చేసేవాణ్ణి. కొనడం తక్కువ. నలుగురి భుజాలు తగిలే చోట నిలబడాలనిపించేది, అంతే.

అన్న మా కింది పోర్షన్‌లోనే ఉండేవాడు గానీ మేం మొదట మాట్లాడుకున్నది అక్కడే. పుస్తకాల వరస చివర పాత సామాను పరిచిన వాడి ముందు, ఒక ఖాళీ సీసా మూతి ముక్కుకు ఆనించుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది.

"నవ్వకు తమ్మీ," అన్నాడు కళ్లు తెరవకుండానే. "పుస్తకమైతే తెరిస్తే తెలుస్తది. సీసా లోపల ఏమున్నదో ముక్కే చెప్పాలె."

ఆయన ఒక డాక్టరు దగ్గర కాంపౌండర్‌గా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసి మానేసినవాడు. పేషెంట్లు మందుకు ఇంటి నుంచే సీసాలు తెచ్చుకునే రోజుల్లో, ప్రతి సీసా తన చేత్తో కడిగాకే మందు పోసేవాడట. "నేను కడిగిన సీసల మందు తాగి ఒక్కడు గూడ కక్కుకోలే," అనేవాడు. ఆయన తన గురించి గొప్పగా చెప్పుకోగా నేను విన్నది ఈ ఒక్క మాటే. భార్య పోయింది, పిల్లల్లేరు.

చలి తగ్గి ద్రాక్ష దిగగానే మొజంజాహీ మార్కెట్ దగ్గర నల్లద్రాక్ష కొని, ఆయన ఇంట్లో రెండు పెద్ద జాడీల్లో వైన్ పెట్టేవాళ్లం. ద్రాక్షను ఎవరైనా చిదమగలరు తమ్మీ, పని మొత్తం సీసాల కాడనే, అనేవాడు. కిరసనాయిలు వాసన ఉన్నది ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేవాడు. మిగతావి వేడినీళ్లలో బట్టల సోడా వేసి నానబెడితే కాగితాలు ఊడివచ్చేవి. లోపల గుప్పెడు నూకలు, కొంచెం నీళ్లు పోసి, మూతిని బొటనవేలితో మూసి గిలకొట్టేవాడు. బ్రష్ అందని మూలల్ని నూకలు గీకేవి. తర్వాత కిటికీ వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి, సీసాను మెల్లగా తిప్పుతూ చూసేవాడు. చివరగా, స్క్వాష్‌లు చేసేవాళ్లు వాడే తెల్లపొడి కలిపిన నీళ్లు. అందులోంచి అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వచ్చేది. ఆ నీళ్లతో కడిగిన సీసాల్ని పండ్ల డబ్బా చెక్కల మధ్య బోర్లించేవాడు. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

"తడి గట్లనే ఉండనీ. గా నీళ్లే పురుగును చంపుతయ్. బట్ట తగలనియ్యకు."

ఎన్నోసార్లు విన్నాను. అయినా ఆ సంవత్సరం తువ్వాల తగిలించాను.

వైన్ పోసే రోజు అన్న కార్కుల కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్లాడు. కడిగి బోర్లించిన సీసాలు పన్నెండు. కాసేపటికి వాటిని తిప్పి చూస్తే లోపల నీటిచుక్కలు మెరుస్తున్నాయి. మా అమ్మ పచ్చడి పెట్టిన ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. జాడీలో చుక్క తడి ఉంటే ఏడాది పచ్చడి బూజు పడుతుందని, అమ్మ దాన్ని ఎండబెట్టి, తుడిచి, మళ్లీ తుడిచేది. నా చేతులకు తెలిసిన శుభ్రం అదే. తువ్వాలను పీలికగా చింపి, సన్నని పుల్లకు చుట్టి, ఒక్కొక్క సీసా పొడిగా తుడిచాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఒక్క సీసా మాత్రం మూతి మరీ ఇరుకు. పాత గులాబ్ జల్ సీసా అది, వాసన పోయేదాకా అన్న మూడుసార్లు నానబెట్టాడు. పుల్ల దూరలేదు. దాన్ని అలాగే వదిలేశాను. అన్న తిరిగివచ్చి, సీసాలు ఆరినట్టున్నయే అన్నాడు. ఎండ బాగుందన్నాను.

బోనాల ఆదివారం డాబా మీద బిల్డింగు మగవాళ్లందరం కూర్చున్నాం. అన్న తన చేత్తో మొదటి సీసా తీసి గ్లాసుల్లో పోశాడు. పక్క పోర్షన్ ఆటో ఆయన ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"ఏందన్నా గిది, వైనా సిర్కానా? జర ఉల్లిగడ్డలు తెండ్రి, నానవెడదాం."

"కాంపౌండర్ సాబ్ దగ్గుమందు కలిపినట్టున్నడు," అన్నాడు ఇంకొకాయన.

అన్న రెండోది తీశాడు, మూడోది తీశాడు. అన్నీ అంతే. నవ్వులు పెరిగాయి. ఆయన నా వైపు తిరిగాడు.

"తమ్మీ, నేనేమన్న మరిచిన్నా? నువ్వు పక్కనే ఉంటివి గదా, చెప్పు."

నాకు తువ్వాల గుర్తొచ్చింది. గుర్తొచ్చిన తర్వాతే మాట్లాడాను. అందుకే దీన్ని పొరపాటు అనలేను.

"అన్నకు కండ్లు జర మసకొచ్చినయ్. అడుగున మురికి కనవడలేదేమో," అన్నాను అందరికీ వినిపించేలా.

ఆయనకు అప్పుడే కంట్లో పొర మొదలైన మాట నిజమే. ఖాళీ సీసాను ఎండకు పట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు తిప్పి చూశాడు.

"గట్లనే కావచ్చు," అన్నాడు.

వారం తర్వాత నా వాటాకొచ్చిన సీసాల్లో చివరిగా గులాబ్ జల్ సీసా తీశాను. పారబోద్దామని వంచితే వాసన మారింది. రుచి చూశాను. మేం చేసిన ఏ సంవత్సరం వైనూ అంత బాగా కుదరలేదు. ఆయన కడిగిన పన్నెండు సీసాల్లో నేను ముట్టనిది అదొక్కటే. కింద ఆయన దగ్గుతున్నది నాకు వినబడుతోంది. పదిహేను మెట్లు దిగితే చాలు. తలుపు గడియ పెట్టి, ఆ సీసా ఒక్కణ్ణే తాగాను.

ఆ తర్వాత ఆయన ఆదివారాలు అబిడ్స్‌కు రావడం మానేశాడు. ఒకరోజు పైకి వచ్చి సీసాలు కడిగే బ్రష్ నా చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వే కడుక్కో తమ్మీ." చలికాలంలో ఇల్లు ఖాళీ చేసి జనగామ దగ్గర చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడు. బస్సు దాకా సంచి మోసింది నేనే. అప్పుడూ చెప్పలేదు.

ఈ సంవత్సరం ఫోన్ చేశాను. మొదట ఆయన మేనకోడలు ఎత్తింది. ఎలా ఉన్నారని అడిగాను.

"మామ మంచిగనే ఉన్నడు. కండ్లకు ఆపరేషనైంది, సూది గూడ కనవడ్తదన్నడు డాక్టరు. కానీ ఆయన నమ్మడు. మందు సీస మీద పేరు మాతోనే చదివిస్తడు. తాగే గ్లాసు గూడ నన్నే కడగమంటడు."

తర్వాత ఆయన గొంతు వినిపించింది. నేను ఎక్కువ ముందుమాటలు చెప్పలేదు.

"అన్నా, ఆ సీసాలు నేను తుడిచిన."



"దేంతోని?"

"తువ్వాలతోని."

"అన్నీనా?"

"గులాబ్ జల్ సీసా తప్ప. దానికి పుల్ల దూరలే."

"గది ఎట్లుండె?"

"మంచిగుండె అన్నా. అంత మంచిది ఎన్నడు కాలే."

"ఎవలెవలు తాగిన్రు?"

"నేనొక్కన్నే."

ఆయన తిట్టలేదు. "సరే తియ్," అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత రెండుసార్లు చేశాను. మామ పడుకున్నడని ఒకసారి, గుడికి పోయిండని ఒకసారి అంది ఆ పిల్ల. రెండోసారి ఫోన్ పెట్టబోతూ ఇంకో మాట అంది. "మొన్నసంది గ్లాసు ఆయనే కడుక్కుంటుండు. ఎందుకో తెల్వదు."

నిన్న గల్లీ మొదట్లో చాయ్ దుకాణం దగ్గర ఆటో ఆయన కనిపించాడు. ఆ రోజు డాబా మీద ఉన్నవాళ్లలో ఇంకా ఇక్కడ ఉన్నది ఆయనొక్కడే. సంగతంతా చెప్పాను. చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"గా ముచ్చట ఇప్పుడెందుకు సార్? నాకైతే యాదికి గూడ లేదు. కాంపౌండర్ సాబ్ అంటే గాయననే గదా, కండ్లు కనవడక సీసలు సక్కగ కడగకపోతుండె?"

వైన్ మరిచిపోయాడు. నేనన్న మాట మాత్రం మిగిలింది.

"కండ్లు మంచిగనే కనవడ్డయ్," అన్నాను. "సీసాలు ఆయన సక్కగనే కడిగిండు. ఖరాబు చేసింది నేను."

"సరే సార్, సరే," అని ఆయన ఆటో ఎక్కాడు. చాయ్ కోసం నిలబడ్డ ఇద్దరు కొత్తవాళ్లు నా వైపు వింతగా చూశారు. వాళ్లకు అన్న ఎవరో తెలియదు. వాళ్లకూ మొదటి నుంచి చెప్పాను.