ఎర్ర ఎద్దుకు బొట్టు

మహబూబ్‌నగర్ వైపు రాతిబొమ్మల గుట్ట ఎక్కుతుంటే నాకు పులి ఎదురైంది. పులంటే మరీ పులి కాదు, అడవిపిల్లి. సరే, మేక. కానీ నడుము లోతు గడ్డిలోంచి ఉన్నట్టుండి తల ఎత్తితే మేక కూడా కాసేపు పులే.

అది అరవై తొమ్మిది. నేను గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తాను, చిక్కడపల్లిలో ఓ అవ్వ ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఊళ్లో ప్రత్యేక రాష్ట్రం గొడవలు. యాస పట్టిస్తుందని నారాయణగూడలో సైగలతోనే కూరగాయలు కొనేవాణ్ణి. బేరం మాత్రం నోటితోనే, అది ఆపుకోవడం నావల్ల కాలేదు.

అవ్వ కూతురు అశోక్ నగర్‌లో కాపురం. రెండు కాన్పులు దక్కలేదు, మూడోసారి నెలలు నిండుతున్నాయి. అవ్వ పుట్టినూరి గుట్టమీద, ఏనాటి మనుషులో రాతికి ఎర్రరంగుతో గీసిన ఎద్దుంది. కూతురు కడుపుతో ఉంటే తల్లి వెళ్లి దాని నొసట కుంకుమ పెట్టి, మిగిలింది తెచ్చి కూతురికి పెట్టాలి. ఆ రెండుసార్లూ అవ్వ వెళ్లలేకపోయింది. అదే ఆమెను తినేస్తోంది.

“జర తోడు రా బిడ్డా. నా కండ్లు సరిగ్గ ఆనయి,” అంది. ఇంటావిడ అడిగితే కాదనే కిరాయిదారు ఇంకా పుట్టలేదు.

తీరా వెళితే ఎద్దు ముందు ముళ్లకంచె, నీలం బోర్డు, ఒక చౌకీదారు.

“ముట్టద్దవ్వా. ఇది సర్కారు కాపాడే రాయి.”

“నేనేమన్న పాడు చేస్తనా? బొట్టు పెడ్త, అంతే.”

“అందరు బొట్టే పెట్టిండ్రు. గా పక్కన జింక ఉండె. కుంకుమల మునిగి కనవడకుంట పోయింది. ఎద్దు గూడ పోతే నా కొలువు పోతది. అంతగనం ఉంటే బోర్డుకు పెట్టుకో.”

“బోర్డు నా బిడ్డకన్న చిన్నది. కాన్పుల సంగతి దానికేమెరుక?”

చౌకీదారు నవ్వాడు. అవ్వ నవ్వలేదు. కంచె పట్టుకుని అలాగే నిలబడింది. అతను వెనక్కి తిరిగి, వాలుతున్న ఎండను చూశాడు.

“నీడ పడితే రంగు పోదు. గీడ నిలవడి చెయ్యి చాపు.”

అవ్వ ఉంగరపు వేలికి కుంకుమ అద్దుకుని చెయ్యి చాపింది. వేలి నీడ సరిగ్గా ఎద్దు నొసట వాలింది. ఎద్దు కళ్లు మూసుకుంది కూడా. అందరికీ అలాగే చెబుతూ వచ్చాను. నిజానికి నీడ తోక దగ్గర పడింది.

“పడ్డదా?” అంది అవ్వ.

నేను చౌకీదారు మొహం చూశాను.

“పడ్డదవ్వా. నొసట్నే,” అన్నాడు.

ఆ వేలు దేనికీ తగలకుండా బస్సులో ఒళ్లోనే పెట్టుకుని, అశోక్ నగర్‌లో దిగీ దిగగానే కూతురి నొసట అద్దింది.

ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చిందని చెప్పేవాణ్ణి. నేను వెళ్లేసరికి పిల్ల పాలు తాగి తల్లి పక్కలో హాయిగా నిద్రపోతోంది. వీధి చివరిదాకా వినబడింది గడపలో కూచున్న అవ్వ ఏడుపు.