చొక్కాల అధ్యాయం

మా పిన్నిది కళ్ళజోళ్ళ కొట్టు. ఒక బల్ల, గోడంతా ఫ్రేములు, ఒక మూలన అద్దాలు అరగదీసే మిషను. దాని రొదలో మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు పెద్దదైపోయింది. గుట్టు దాచే గొంతు కాదది. అయినా ఒక్కటి మాత్రం మూడేళ్ళు దాచింది: బాబాయి ఇల్లొదిలి వెళ్ళిపోయాడని.

అడిగినవాళ్ళకి "కంపెనీ పని మీద తిరుగుతున్నారు" అనేది. ఆదివారం వస్తే ఆయన చొక్కాలు బీరువాలోంచి తీసి, మాయకపోయినా ఉతికి, డాబా మీద ఆరేసేది. చూసినవాళ్ళు మనిషి వచ్చి వెళ్ళాడనుకునేవాళ్ళు. మేమూ అంతే. నిజం తెలిసింది ఒక్క పంతులమ్మకే. చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్న స్నేహం వాళ్ళది.

ఆ పంతులమ్మ ఒక నవల రాసింది. దయ్యాలూ రాక్షసులూ ఉన్న హాస్య నవల. లైబ్రరీలో సభ పెట్టించి, పుస్తకం తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది.

"సభలో మంచీ చెడ్డా నువ్వే చెప్పాలే. నీకు మొహమాటం లేదు."

పిన్ని కొట్లోనే చదివింది. పడీ పడీ నవ్వింది. ఎత్తంటే కళ్ళు తిరిగే రెక్కల గుర్రం, మంత్రం మధ్యలో తుమ్మి శాపం పక్కింటివాళ్ళకి తగిలించే మాంత్రికుడు. కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మరీ చదివి వినిపించింది.

తర్వాత ఒక రాక్షసి వచ్చింది. మొగుడు పారిపోయాడు. పరువు కోసం అతని చొక్కాలు ఉతికి కోట బురుజు మీద ఆరేస్తుంది. ఒకరోజు చొక్కాలకి మాటలొస్తాయి. "తల్లీ, మమ్మల్ని తొడిగే దిక్కు లేదు గానీ ఉతుకుడికి మాత్రం లోటు లేదు!" అని మొరపెట్టుకుంటాయి.

పిన్ని పుస్తకం మూసేసింది. ఆ రోజు ఇంకెవరికీ చదివి వినిపించలేదు.

సభలో పంతులమ్మ సరిగ్గా ఆ అధ్యాయమే చదివింది. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పక్కనున్న పిన్ని మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

పిన్ని లేచింది. "గుర్రం బాగుంది. మాంత్రికుడు ఇంకా బాగున్నాడు. చివర యుద్ధం సాగదీసింది, నాకు ఆవలింతలొచ్చాయి. అన్నిటికన్నా బాగున్నది చొక్కాల కథ. అది కల్పించింది కాదు. నాది."

పిన్ని వేదిక మీదున్న పంతులమ్మని చూపించింది.

"లోపం కూడా అక్కడే ఉంది. ఆ రాక్షసి ఒక్కసారి కూడా ఏడవదు. నేను ఏడ్చాను. దీని చెయ్యి పట్టుకునే చెప్పుకున్నాను. వింటోందనుకున్నా గానీ, ఏరుకుంటోందని తెలీలేదు."

మేం బయటికి వచ్చేస్తుంటే మెట్ల దగ్గర పంతులమ్మ పరిగెత్తుకొచ్చి పిన్నిని పట్టుకుంది. "నీ పేరెక్కడా రాయలేదే! నువ్వే బయటపెట్టుకున్నావు."

"నా గుట్టు, నా ఇష్టం. నువ్వెవరివి?"

"రాస్తుంటే నాకే నవ్వాగలేదు. వదులుకోలేకపోయాను."

"నన్ను వదులుకోగలిగావుగా" అంది పిన్ని.

దారిలో నేను ఉండబట్టలేక అడిగాను. "బాబాయి వెళ్ళిపోయినప్పుడు కూడా ఇంత బాధపడ్డావా పిన్నీ?"

"ఆయన మీద నాకు ముందునుంచీ అనుమానమే. దీని మీద ఏనాడూ లేదే."

ఆ వారమంతా కళ్ళజోడు వంకతో జనం ఓదార్చడానికి వచ్చారు. పిన్ని అందరికీ ఒకటే మాట చెప్పింది, "ఔను, వెళ్ళిపోయాడు" అని. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. ఎవరు మెచ్చుకున్నా ముందు చొక్కాల కథే ఎత్తేవాళ్ళు.

కొన్నాళ్ళకి పంతులమ్మ కొట్టుకి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఏమే" అంది మెల్లగా.

పిన్ని తలెత్తి చూసింది. కుర్చీ ముందుకి జరిపింది.

"కూర్చోండి. ఏం కావాలండీ?"

ఆవిడ కూర్చోలేదు.